మెడలో పలక

వాన పడితే గంగారత్నం గుండెల్లో రాయి పడేది. బైలడిల్లా కొండల మీది ఎర్రమట్టిని కడుక్కుంటూ దిగే ఆ వాన ఏ ఊరి పొలాలు పండించేదో ఏమో గానీ, ఆమె కూతురి పలకని మాత్రం పొద్దున్నే శుభ్రంగా తుడిచిపెట్టేది.

ఆమె మొగుడు తాతబాబు రైల్వే గేట్‌మేన్. కొండలో తవ్విన ఇనపరాయిని విశాఖపట్నం రేవుకి, అక్కడి జపాను ఓడలకి మోసుకుపోయే గూడ్సు బళ్లు వాళ్ల గుమ్మం ముందు నుంచే పోయేవి. గేటుకి ఇవతల రైల్వే కాలనీ. అవతల తారురోడ్డు, దాని చివర కొండ కింద గని కంపెనీ కట్టించిన టౌన్‌షిప్పు, అందులో బడి. పొద్దున్నే కంపెనీ బస్సు గేటు అవతలి మలుపు దాకా వచ్చి, అక్కడి క్వార్టర్ల పిల్లల్ని ఎక్కించుకుని వెనక్కి తిరిగేది. ఆ బస్సులో కంపెనీ పిల్లలకి చోటుంది, టీచర్లకి చోటుంది. రైల్వే పిల్లలకి లేదు. వాళ్లు నడవాలి.

నడిస్తే నడిచారు, కాళ్లున్నాయి. పలక సంగతేమిటి?

ఒకటో క్లాసు చెప్పే విశాలాక్షి మిస్ రోజూ ఇంటిపని ఇచ్చేది. అక్కడ చదువంతా హిందీలోనే. పలకకి ఒకవైపు హిందీ అక్షరాలు, రెండోవైపు అంకెలు. పొద్దున ప్రార్థన కాగానే పిల్లలు పలకలెత్తి చూపించాలి. సంచిలో పెడితే అక్షరాలు టిఫిను డబ్బాకి రాసుకుని చెరిగిపోయేవి. గుడ్డ చుడితే గుడ్డకే అంటుకునేవి. చేత్తో పట్టుకెళితే వాన. బస్సు పిల్లలు పలకని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, రాసింది రాసినట్టు దింపుకునేవారు. రైల్వే పిల్లల పలకలు బడి మెట్లెక్కేసరికి అప్పుడే సంతలో కొన్నట్టు నల్లగా నిగనిగలాడేవి.

"రాయలేదు," అనేది మిస్. పలక చట్రానికున్న కన్నంలోంచి తాడు దూర్చి, ఆ ఖాళీ పలకని పిల్ల మెడలో వేసి, గోడవార నిలబెట్టేది.

గంగారత్నం కూతురు పైడితల్లికి ఆరేళ్లు. పైడి అని పిలిచేవారు. ఆ వానాకాలం పైడి ఎక్కువగా గోడవారనే చదువుకుంది.

గంగారత్నం చదువు ఐదో క్లాసులో ఆగిపోయింది. గజపతినగరం పక్క పల్లెలో, తల్లికి మళ్లీ కాన్పయితే తమ్ముణ్ణి చంకనేసుకోడానికి ఇంట్లో ఒక మనిషి కావలసి వచ్చింది. అంతే, పుస్తకం అటకెక్కింది. హిందీ ఒక్క ముక్క రాదు. అయినా సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే కూతురి చెయ్యి తన చేతిలో పెట్టుకుని, హిందీ వాచకం బాలబోధ చూసి ఒక్కొక్క గీతా గీయించేది. అలా గీయిస్తూ తనూ నేర్చుకుంది. పిల్లకి అక్షరం రాకపోతే తన చదువు తక్కువై రాలేదేమోనని ఒక బెంగ. వస్తే, రేపు వానకి పోతుందేమోనని ఇంకో బెంగ. పైడి కూడా తల్లి పోలికే. లేస్తూనే పలక వంక చూసేది, ఆకాశం వంక చూసేది, చద్దన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని మింగేది కాదు.

"మనకెవులిచ్చినారే ఇంటిపనీ?" అనేవాడు తాతబాబు. "గేదెల్ని తోలడమే మన ఇంటిపని. అయినా బతికీలేదేటి?"

"ఆ బతుకొద్దనే కదా బడికి పంపుతన్నాం."

"ఆరేళ్ల గుంటే అది. బళ్లో సెప్పాల్సింది బళ్లోనే సెప్పాల. ఇంటికంపితే అది పిల్లకి పాటం కాదు, నీకు పరీచ్చ."

ఆ మాట నిజమని గంగారత్నానికి తెలుసు. తెలిసినా పరీక్ష తప్పడం ఆమెకి ఇష్టం లేదు.

విశాలాక్షి మిస్ వేరే ఊరి మనిషేం కాదు. రైలుపట్టాల మీద పెత్తనం చేసే ఇన్‌స్పెక్టరు చక్రధరరావు గారి భార్య. తాతబాబుకి పై అధికారి ఆయనే. వాళ్లది రైల్వే కాలనీలో అందరికంటే పెద్ద క్వార్టరు. ఆవిడ రోజూ పొద్దున్నే పూలగొడుగు వేసుకుని ఈ గేటు దాటే బస్సెక్కేది. ఒకరోజు గంగారత్నం ధైర్యం చేసి ఎదురెళ్లింది.

"మేడంగారూ, మా పిల్ల రాసిందండి. నాను పక్కనే ఉన్నాను. వానకి చెరిగిపోనాదండి."

మిస్ ఆగింది. ఆవిడ మొహం కోపంగా కూడా లేదు, అదే గంగారత్నానికి మంట. "రోజూ ఇదే కథ. చూడమ్మా, ఇంటి దగ్గర రాస్తేనే చేతికి అలవాటవుతుంది, అక్షరం నిలుస్తుంది. చదువుకున్న తల్లివైతే నీకింత చెప్పక్కర్లేకపోను."

బస్సు హారను కొట్టింది. మిస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వెనకాల, తలమీద గోనెసంచి కప్పుకుని, పలకని కడుపుకి హత్తుకుని పైడి నడిచింది. కిటికీలోంచి మిస్ చూస్తూనే ఉంది. తడుస్తున్న పిల్లని, తడుస్తున్న పలకని, రెండు కళ్లతో చూసింది. చూసి కూడా బడికెళ్లి మెడలో తాడు వేసింది.

ఆ సాయంత్రం గంగారత్నం మొగుడి పనిముట్ల సంచిలోంచి చిన్న ఉలి తీసింది. పలకని ముక్కాలిపీట మీద పెట్టి, బలపంతో రాసిన అక్షరాల మీదుగా, ఇంటికి దిష్టిబొమ్మ గీసినంత దీక్షగా చెక్కింది. రాయి పెళుసు, అయినా పగల్లేదు. చెక్కిన గాడుల్లో సున్నం నింపింది. ఏ వాన చెరుపుతుందో చూద్దాం అనుకుంది.

మర్నాడు వాన ఓడిపోయింది. పైడి ఇంటికొచ్చి గంతులేసింది. రెండోవైపు అంకెలు కూడా చెక్కింది గంగారత్నం. ఆ ఉత్సాహంలో ఒక చిన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. మూడోనాడు మిస్ కొత్త అక్షరాలిచ్చింది. పలకకి మూడోవైపు లేదు కదా! పైడి ఆ గాడుల మీదే రాసింది. ఒకదాని మీద ఒకటి పడి, కోళ్లు కెలికినట్టయింది.

ఆ రోజు పైడి ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "అమ్మా, మిస్ నా పలక అన్ని క్లాసులకీ తీసుకెల్లింది."

"ఎందుకే?"

"ఈ పిల్ల వాళ్లమ్మ తెలివి చూడండీ అని సూపించింది. అందరూ నవ్వీసేరు. పెద్ద మేడం కూడా."

గంగారత్నం చేతిలోని చేట అలాగే ఉండిపోయింది. "నువ్వేటి సేసేవు?"

పైడి కాలివేలితో మట్టి గీకింది. "నానూ నవ్వీసేను."

ఆ మాటతో ఆమె ఒళ్లు నిలువునా భగ్గుమంది. మిస్ నవ్వింది, సరే. బడంతా నవ్వింది, సరే. కన్నకూతురి చేత తనని చూసి నవ్వించింది! చక్రధరరావు గారి పెళ్లాం కాదు, ఆయన్ని కన్న తల్లే అయినా సరే, దీనికి బదులు చెప్పకపోతే తాను ఆ కొండ కింద ఉప్పూ కారం తిని ఎందుకు? బచేలి సంతలో కూతురికి కొత్త పలక కొంది. పాతదాన్ని పొయ్యి దగ్గర ఆనించి పెట్టుకుంది. పప్పు తిప్పుతున్నంతసేపూ దాన్ని చూస్తూ తిప్పేది.

ఆయుధం కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. గుమ్మం ముందే ఉంది.

గేటు అడ్డకర్రల్ని దించేదీ లేపేదీ ఒక చక్రం. తాతబాబు స్నానానికో అన్నానికో వెళితే దాన్ని తిప్పేది గంగారత్నమే. గేటు పడితే జనం ఆగుతారా? వంగి కర్ర కింద నుంచి దూరిపోతారు. కానీ ఈ మధ్యే ఒక గొర్రెల కాపరికి ప్రాణం మీదికొచ్చిందని, చక్రధరరావు గారే అక్కడ ఎర్రబోర్డు పెట్టించారు: మూసిన గేటు కింద దూరడం నేరం. ఊళ్లో అందరూ ఆ బోర్డు కిందనుంచే దూరేవారు. దూరలేనిది ఒక్కరే. బోర్డు పెట్టించినాయన భార్య.

తర్వాతి వానరోజు పైడిని ముందే పంపించేసింది గంగారత్నం. పూలగొడుగు మలుపు తిరగడం చూసి చక్రం తిప్పింది. కర్రలు కిర్రుమంటూ దిగాయి. పుట్టగొడుగుల బుట్టతో సంతకెళుతున్న కొండపల్లె మనిషి సోమ్లీ ఆగింది. పట్టాలు అటూ చూసింది, ఇటూ చూసింది. "గాడీ కహాఁ హై, బాయీ?" అని, బండెక్కడుందమ్మా అన్నట్టు కిసుక్కున నవ్వి, తలమీది ఆకుల గొడుగుతో సహా వంగి దూరిపోయింది.

మిస్ వచ్చి కర్ర ముందు నిలబడింది. "ఏమ్మా, బండేదీ?"

"వస్తాదండి."

"ఎప్పుడూ?"

"గూడ్సుబండికి ముహూర్తమేటండి మేడంగారూ? కొండదిగి రావాల కదండీ."

అవతల బస్సు హారను. మిస్ ఒకసారి కర్ర వంక, ఒకసారి బోర్డు వంక చూసింది. మళ్లీ హారను. డ్రైవరు కంపెనీ సైరనుకి జవాబు చెప్పుకోవాలి గానీ టీచరమ్మకి కాదు. బస్సు వెళ్లిపోయింది. గంగారత్నం తీరిగ్గా చక్రం తిప్పి గేటు లేపింది.

"బండి రాలేదు కదా!"

"ఆగిపోనాదంటండి. ఏటి సేత్తాం."

గాలికి పూలగొడుగు తిరగబడింది. తారురోడ్డు మీద జరీచీర ఎర్రనీళ్లలో ఈడ్చుకుంటూ మిస్ నడిచివెళుతుంటే, గంగారత్నం అరుగు మీద కూర్చుని, ఆవిడ మలుపులో కనపడకుండా పోయేదాకా చూసింది. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకుని బడి కిటికీ అవతల నిలబడ్డ తర్వాత, అంత తదేకంగా ఎవరినీ చూసి ఎరగదు. అప్పుడు ఆశగా, ఇప్పుడు ఆనందంగా.

సాయంత్రం పైడి కబురు తెచ్చింది. మిస్ ఆలస్యంగా వచ్చిందనీ, ప్రార్థన అయ్యేదాకా పెద్ద మేడం ఆవిణ్ణి వరండాలోనే నిలబెట్టిందనీ, కొంగులోంచి నీళ్లు కారాయనీ. గంగారత్నం కూతురి నోట్లో బెల్లంముక్క పెట్టింది. "మళ్లీ సెప్పే," అంది.

అది ఒక్కరోజుతో పోలేదు. రోజూ వేస్తే తెలిసిపోతుందని, అదను చూసి వేసేది. ఒక వానకి వదిలేసి ఇంకో వానకి పట్టేది.

తాతబాబుకి తెలిసి తల పట్టుకున్నాడు. "ఒలే, పిచ్చి గానీ పట్టిందేటే నీకు? ఇన్‌స్పెక్టరు గారి పెళ్లామే ఆవిడ! నా ఉజ్జోగం ఊడిపోతే ఏటి తింటాం?"

"మూసిన గేటు ఎవుల్నీ సంపదు. తెరిసిన గేటే సంపుతాది. నాను మూసేను."

"నోరు మూయి."

"అదొక్కటే మూయలేను."

ఒక సాయంత్రం విశాలాక్షి మిస్ స్వయంగా వాళ్ల గుమ్మంలోకొచ్చింది. తాతబాబు కుర్చీ వెతుక్కుంటూ కంగారుపడ్డాడు. ఆవిడ కూర్చోలేదు.

"నేను పిచ్చిదాన్ని కాదమ్మా. స్టేషన్లో కనుక్కున్నాను. నువ్వు గేటు వేసిన రోజుల్లో ఆ వేళకి బండే లేదు. ఆయనతో ఒక్క మాటంటే మీ ఆయన రేపీపాటికి ఏ అరకు అడవిలోనో ఉంటాడు."

"సెప్పండి," అంది గంగారత్నం. "ఎందుకేసేవని బాబుగారు నన్నడుగుతారు కదండీ. అప్పుడు నానూ సెప్తాను. మీరు బస్సులోంచి సూస్తా ఉండగా తడిసిన గుంటని, నువ్వు రాయలేదని నిలబెట్టినారని."

మిస్ గుమ్మం పక్కన నక్కి చూస్తున్న పైడిని చూసింది. అప్పుడు చిన్నగా నవ్వింది. "ఎందుకమ్మా ఇంత గొడవ? నీకేం కావాలి, మీ అమ్మాయి మెడలో పలక పడకూడదు, అంతేగా? రేపట్నుంచి తనకి ఇంటిపని లేదు. సరేనా?"

గంగారత్నం నమ్మలేకపోయింది. ఆవిడ వెళ్లాక తాతబాబు భుజం మీద చరిచి, "సూసినావా! ఒంగింది!" అంది. ఆ సాయంత్రం పైడికి గారెలు వండింది.

నిజంగానే పైడికి ఇంటిపని పోయింది. సంచి విసిరేసి రాళ్లాట ఆడుకునేది, కడుపునిండా తినేది, బుగ్గలు పుంజుకున్నాయి. గంగారత్నానికి మాత్రం సాయంత్రాలు చేతులు ఊరకే ఉన్నట్టుండేవి. బాలబోధ తీసి తర్వాతి అక్షరం ఏమిటో చూసి, మళ్లీ మూసేది. తనకి కావలసింది దొరికింది కదా, ఇంకా ఈ వెలితేమిటని తననే తిట్టుకునేది. అక్షరాల మాటెత్తితే పైడి, "నాకక్కర్లేదు, మిస్ నన్ను లీడర్ని సేసింది," అనేది. జడకి కొత్త ఎర్ర రిబ్బను. మిస్ ఇచ్చిందట. పోనీలే, మనసు మారిందేమో అనుకుంది గంగారత్నం.

కొళాయి దగ్గర ఎర్రమ్మ ఆ భ్రమ తీర్చేసింది. ఎర్రమ్మ గ్యాంగుమేను పైడయ్య భార్య. వాళ్ల సుగుణా పైడీ ఒకే క్లాసు, పొద్దున్నే ఒకే గోనె కింద నడిచిన పిల్లలు. వారం రోజులుగా ఎర్రమ్మ మొహం తిప్పుకుంటోంది.

"ఏటే ఎర్రమ్మొదినా, నీల్లకి నన్ను పిలవడమే మానేసేవు?"

"పెద్దోరితో మనకేటమ్మా." ఎర్రమ్మ బిందె ఠంగుమని పెట్టింది. "నీ కూతురు సేతి ముడి బలే బిగువులే. మా సుగుణ మెడ మీద సూడు, వాత తేలిపోనాది."

"నా కూతురు ముడేటి?"

"తెలీనట్టు అడుగుతావేటి? తాళ్లన్నీ లీడరమ్మ సేతిలోనే కదా ఉంటాయి! పలక కాలీగా ఉన్నోల్ల మెడలో ఏసేది ఎవులనుకున్నావు? గేటు మూసి నీ పిల్లని ఒడ్డునేసుకున్నావు, మా పిల్లల్ని ఏట్లోకి తోసేవు."

గంగారత్నం సగం బిందెతోనే ఇంటికొచ్చింది. పైడి అరుగు మీద ఆడుకుంటోంది.

"తాళ్లు నువ్వే కడతన్నావేటే?"

"ఊఁ." పైడి కళ్లు మెరిశాయి. "సూపించనా?" జడలోంచి రిబ్బను లాగి, మొక్కజొన్న పొత్తు బొమ్మ మెడకి చుట్టి, రెండు ముళ్లు వేసి, గట్టిగా గుంజింది. "ఇలా లాగితే ఊడదు. ఏడిస్తే ఇంకోసారి లాగమంటాది మిస్. సుగుణ రోజూ ఏడుస్తాది."

"సుగుణ నీ నేస్తం కాదేటే?"

"పలక కాలీగా తెస్తే నానేటి సేసీది?" అంది పైడి. విశాలాక్షి మిస్ గొంతే, అచ్చంగా.

కొట్టడానికి ఎత్తిన చెయ్యి గంగారత్నం అలాగే దింపేసింది. ఎవర్ని కొట్టాలి? ఆవిడ ఒంగలేదు. ఒంగినట్టు కనపడి పిల్లని ఎత్తుకుపోయింది. పలక పడ్డ మెడ అయినా ఇంటికొచ్చి తల్లి ఒళ్లో దాక్కునేది. ఈ పైడి ఎవరి పిల్లో తెలియడం లేదు.

మర్నాడు కుండపోత. గంగారత్నం చక్రం దగ్గరే నిలబడి ఉంది. ఈసారి దొంగాట లేదు. స్టేషన్ నుంచి ఫోను వచ్చింది, లోడు బండి బయల్దేరిందని. నిజంగానే వెయ్యాల్సిన గేటు. రైల్వే పిల్లలు గోనెలు కప్పుకుని అప్పుడే కర్ర దాటి రోడ్డెక్కారు. పైడి మాత్రం తల్లి పక్కనే గుంజకి ఆనుకుని నిలబడింది. మిస్ వస్తే ఆవిడతో మాట్లాడుతూ బస్సు దాకా నడవడం దాని కొత్త అలవాటు.

పూలగొడుగు వచ్చింది. మళ్లీ మూసిన గేటు చూసేసరికి మిస్ మొహం మాడిపోయింది. "మళ్లీ మొదలెట్టావా? మీ అమ్మాయికి ఇంటిపని లేదుగా!"

"ఇయ్యండి. అందరికీ ఇచ్చినట్టే దానికీ ఇయ్యండి. లేదంటే ఎవులికీ ఇయ్యకండి. వానలో తడిసొచ్చిన పిల్లల పలకలు సూడకండి. నా కూతురి సేత మాత్రం తాళ్లు కట్టించకండి."

"లీడరయితే తప్పా? నీ కూతురికి క్రమశిక్షణ నేర్పుతున్నాను."

"నాకు తెలుసండి మీరేటి నేర్పుతన్నారో."

బస్సు హారను. "గేటు తియ్యి," అంది మిస్.

"బండొస్తంది, తియ్యను. అవసరముంటే ఒంగండి. మా పిల్లలు రోజూ ఒంగే దారే అది."

మిస్ పట్టాల వంక చూసింది. ఏ బండీ కనపడలేదు. ఇదీ అబద్ధమే అనుకుంది కాబోలు. ఆవిడ గొడుగు మూసింది. కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, మొగుడు పెట్టించిన ఎర్రబోర్డు పక్కనే, మెడ వంచి, నడుం వంచి, కర్ర కింద నుంచి దూరింది. కొప్పు కర్రకి తగిలి పూలచెండు ఊడి బురదలో పడింది. గంగారత్నం ఇన్నాళ్లూ చూడాలని కలలు కన్నది అదే. రెండు కళ్లతో, రెప్ప వెయ్యకుండా చూసింది.

అంతలో పక్కనుంచి పైడి కూడా దూరింది. పూలచెండు ఏరుకుని, మిస్ సంచి అందుకుని, పట్టాలు దాటి ఆవిడ వెంట పరిగెత్తింది.

"పైడీ! ఆగవే!"

మిస్ వెనక్కి తిరిగింది. పైడి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, ఏ రైల్వే పిల్లా ఎక్కని ఆ బస్సు మెట్లు ఎక్కించింది. కిటికీ పక్కన పైడి మొహం కనపడింది. పొడిగా, గర్వంగా. తల్లికి చెయ్యి ఊపింది.

గంగారత్నం చక్రం వదిలి కర్ర దాకా వచ్చింది. అప్పుడే కొండమలుపులో ఇంజను కూత వేసింది. లోడు బండి! రోడ్డుకీ ఆమెకీ మధ్య ఎర్రటి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి, నేల అదురుతూ పోతున్నాయి. ఆమె చేతిలో పచ్చజెండా ఉంది. పట్టుకుని నిలబడక తప్పదు. నిలబడి, వచ్చిన తిట్లన్నీ తిట్టింది. చక్రాల మోతలో ఒక్కటీ ఎవరికీ వినపడలేదు.

చివరి పెట్టె పోయేసరికి రోడ్డు మీద బస్సు లేదు. దూరంగా నడుస్తున్న పిల్లలున్నారు.

తాతబాబు నోట్లో వేపపుల్లతో బయటికొచ్చాడు. గంగారత్నం జెండా అతని చేతిలో పెట్టింది. "గేటు సూసుకో."

"ఎక్కడికే ఈ వానలో?"

"బడికి."

పిల్లల్ని అందుకునేసరికి రొప్పు వచ్చింది. సుగుణ ఆమెని చూసి పలక వెనక్కి దాచుకుంది. "ఇలా తే తల్లీ," అని లాక్కుని కొంగు కింద జాకెట్టుకి అదిమి పెట్టుకుంది. మిగతా పిల్లలవీ తీసుకుంది. ఎన్నని దాయగలదు? తడిసిన గుడ్డ తడిసిన గుడ్డే. బడి వరండాలో బయటికి తీసి చూస్తే, సుగుణ రాసిన అక్షరాలు పలక మీద లేవు. తెల్లగా గంగారత్నం జాకెట్టుకి అంటుకుని ఉన్నాయి.

ఒకటో క్లాసు గుమ్మంలో పైడి నిలబడి ఉంది. చేతినిండా తాళ్లు. లోపల విశాలాక్షి మిస్ తడిచీరతోనే కుర్చీలో కూర్చుంది.

తల్లిని చూసి పైడి బిత్తరపోయింది. గంగారత్నం సుగుణ పలకని గుండెల మీద పెట్టుకుని, కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మెడ వంచింది.

"కట్టే."

"అమ్మా..."

"సుగుణ రాసింది. సెరిపింది నాను. రూలు రూలే కదా. కట్టు."

పైడి మిస్ వంక చూసింది. మిస్ లేచి నిలబడింది. పిల్లలందరూ బెంచీల మీద మెడలు చాచి చూస్తున్నారు. పైడి చిన్న వేళ్లు తల్లి మెడ వెనక తడబడ్డాయి. తాడు దూరింది. ఒక ముడి పడింది. రెండో ముడి గుంజలేదు.

గంగారత్నం లేచి గోడవారకి వెళ్లి, పిల్లలు నిలబడే చోటే, క్లాసుకి ఎదురుగా నిలబడింది. మెడలో ఖాళీ పలక, జాకెట్టు మీద అక్షరాలు, కాళ్ల కింద ఎర్రనీళ్లు.

"ఏమిటిది? ఇంటికెళ్లండి," అంది మిస్. ఆవిడ నోటినుంచి ఆ 'అండి' రావడం అదే మొదటిసారి.

"ఎందుకెల్తానండి? నా కూతురు బళ్లోనే ఉంది కదండీ. బడి వదిలీదాకా ఉంటాను. రేపూ వస్తాను. మీరు పాటం సెప్పుకోండి."

ఎవరో పిల్ల కిసుక్కుమంది. పైడి చేతిలో మిగిలిన తాళ్లు ఒక్కొక్కటే కింద పడ్డాయి. అది గోడవారకి వచ్చి తల్లి కుచ్చెళ్లు పట్టుకుంది.

వరండాలో పెద్ద మేడం చెప్పుల చప్పుడు వినపడింది, ఇటే వస్తోంది. మిస్ గబగబా కుర్చీ దాటి వచ్చి, గంగారత్నం మెడ వెనక ముడి మీద చెయ్యి వెయ్యబోయింది. గంగారత్నం ఆ ముడిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ముట్టుకోకండి. నా కూతురు కట్టింది."